నెలకు 9.25 డాలర్ల లైఫ్‌లైన్: పేచీ అంతా ‘ఇల్లు’ అన్న మాట దగ్గరే

అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి ఫోన్ బిల్లులోనో, ఇంటర్నెట్ బిల్లులోనో నెలకు 9.25 డాలర్లు తగ్గించే ఫెడరల్ పథకం లైఫ్‌లైన్. డేటా లేని ఒట్టి కాల్స్ ప్లాన్ అయితే తగ్గేది 5.25 డాలర్లే. గిరిజన భూముల్లో ఉండేవాళ్లకు 34.25 దాకా వస్తుంది. జనం నోట ‘ఒబామా ఫోన్’ అని పడిపోయింది గానీ, పథకం పుట్టింది 1985లో, రీగన్ హయాంలో. మార్కులు వెయ్యమంటే ఐదుకు మూడు. పోయిన రెండు మార్కుల్లో ఒకటిన్నర ఆదాయం రుజువు చేసుకునే తంతుకే పోయింది.

ముందు లెక్క చూద్దాం. ఇంట్లో అందరి ఆదాయం కలిపి, పన్నులు కోయకముందు, ఫెడరల్ పేదరిక రేఖకు 135 శాతం దాటకూడదు. 2025 రేఖ ప్రకారం అలాస్కా, హవాయి కాక మిగతా రాష్ట్రాల్లో ఒక్కరికి ఏడాదికి 21,128 డాలర్లు, ఇద్దరికి 28,553, ముగ్గురికి 35,978, నలుగురికి 43,403. ఆ పైన తలకు 7,425 కలుపుకుంటూ పోవాలి. అలాస్కా, హవాయిలకు ఇంకాస్త ఎక్కువ. రేఖ ఏటా మారుతుంది కాబట్టి, నిరుడు కొద్దిలో తప్పిపోయినవాళ్లు కొత్త పట్టిక వచ్చాక మళ్లీ చూసుకోవాలి.

ఈ అంకెలు జీతంలో ఎలా కనిపిస్తాయంటే: గంటకు 10 డాలర్ల చొప్పున వారానికి 40 గంటలు చేస్తే ఏడాదికి 20,800. ఒంటరి మనిషైతే గట్టెక్కినట్టే. గంటకు 15 అయితే 31,200. అది ఒంటరికి చాలా ఎక్కువ, ఒక్కరే సంపాదించే భార్యాభర్తలకూ ఎక్కువే, ఒక బిడ్డ ఉంటే మాత్రం పరిమితి లోపలికి వస్తుంది. అంచు మీద ఉన్నవాళ్లకు ఓవర్‌టైమ్ గండం. రెండు వారాలకు 800 డాలర్ల జీతం చెక్కు వచ్చే మనిషికి, చెక్కుకు 20 డాలర్ల ఓవర్‌టైమ్ తోడైతే 26 చెక్కులకు 21,320. 2025 రేఖ ప్రకారం 192 డాలర్ల తేడాతో అర్హత పోయింది!

అంకెలు ఎవరైనా కూడుకోగలరు. బోల్తా పడేది ‘ఇల్లు’ అన్న మాట దగ్గర. లైఫ్‌లైన్ మనిషికి కాదు, ఇంటికి ఒక్కటే. ఇల్లంటే ఒకే చిరునామాలో ఉంటూ రాబడి, ఖర్చులు పంచుకునేవాళ్లంతా. గ్రీన్‌కార్డు మీద వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న అమ్మానాన్నలకు సొంత ఆదాయం సున్నా, కాబట్టి వస్తుందిలే అనుకుంటారు. రాదు. ఆదాయం లేని, లేదా నామమాత్రంగా ఉన్న పెద్దవాళ్లు తమను పోషిస్తున్న మనిషితో కలిసి ఉంటే అందరూ ఒకే ఇల్లు అని నిబంధనలోనే ఉంది. కొడుకు సాఫ్ట్‌వేర్ జీతం లెక్కలోకి వచ్చాక ఇంక మాట్లాడటానికేముంది. కలిసి ఉండే భార్యాభర్తలు ఎప్పుడూ ఒకే ఇల్లు. రూమ్మేట్ల సంగతి వేరు: ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నా ఎవరి డబ్బు వాళ్లదైతే ఎవరి ఇల్లు వాళ్లదే. అదే చిరునామాలో అప్పటికే ఒకరికి లైఫ్‌లైన్ ఉంటే రెండో మనిషి హౌస్‌హోల్డ్ వర్క్‌షీట్, అంటే ఫారం 5631, నింపాలి. రాసేదంతా చట్టపరమైన ధ్రువీకరణ కింద. అబద్ధం తేలితే జరిమానా, జైలు దాకా పోవచ్చని ఫారం మీదే రాసి ఉంటుంది. ఇమిగ్రేషన్ కాగితాలు నడుస్తున్నవాళ్లు నెలకు తొమ్మిది డాలర్ల కోసం ఆ రిస్కు తలకెత్తుకోవడం తెలివితక్కువ.

ఆదాయం దారి కంటే దగ్గరి దారి ఒకటుంది. స్నాప్ (మనవాళ్లు ఫుడ్ స్టాంప్స్ అనేది), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ల వైద్య బీమా), ఎస్ఎస్ఐ (పేద వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే నెలసరి భృతి), ఫెడరల్ హౌసింగ్ సాయం, వెటరన్స్ పెన్షన్: వీటిలో ఒక్కటి ఉన్నా ఆదాయం కాగితాలతో పనే లేదు. పైగా అది దరఖాస్తుదారుకే ఉండాలని లేదు. అక్కడే పుట్టిన పిల్లకు మెడికెయిడ్ ఉన్నా ఇంటికి అర్హత వస్తుంది. ఫారంలో ఆ గడి టిక్ చేసి పిల్ల పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి 4 అంకెలు ఇవ్వాలి. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ల వైద్య బీమా) కార్డు మాత్రం పనికిరాదు, పేరు దగ్గరగా ఉందని చాలామంది పంపి తిరస్కరణ తెచ్చుకుంటారు. డబ్ల్యూఐసీ (తల్లులకు, పసిపిల్లలకు ఆహార సాయం), పెల్ గ్రాంట్ (కాలేజీ చదువుకు సాయం) కూడా చెల్లవు. అవి చెల్లింది 2024 జూన్ 1తో మూతపడ్డ ఏసీపీ అనే ఇంటర్నెట్ రాయితీ పథకంలో. అందులో పరిమితి 200 శాతం కాబట్టి, అప్పట్లో వచ్చినవాళ్లందరికీ లైఫ్‌లైన్ వస్తుందన్న భరోసా లేదు.

దరఖాస్తు లైఫ్‌లైన్ సపోర్ట్ డాట్ ఆర్గ్‌లో, లేదా ఫారం 5629 నింపి పోస్టులో. ఫోన్ కంపెనీ ద్వారా కూడా పెట్టొచ్చు. పైసా రుసుము లేదు, ఎవరైనా అడిగితే అది మోసమే. అర్హత తేల్చేది నేషనల్ వెరిఫైయర్ అనే వ్యవస్థ. అది ముందు ప్రభుత్వ రికార్డుల్లో వెతుకుతుంది, దొరక్కపోతే కాగితాలు అడుగుతుంది. అన్నిటికంటే సాఫీగా సాగేది నిరుటి ట్యాక్స్ రిటర్న్. అది లేకపోతే పే స్టబ్‌లు (జీతం చీటీలు), కానీ గత 12 నెలల్లో వరసగా మూడు నెలలవి కావాలి. మార్చి, ఏప్రిల్ పెట్టి మే దొరక్క జూన్ పెడితే కుదరదు. ఒక్క స్టబ్ మీద ‘ఇయర్ టు డేట్’, అంటే ఏడాది మొదలు ఇప్పటిదాకా వచ్చిన మొత్తం, కనిపిస్తోంది కదా అని అదొక్కటే పంపి చేతులు దులుపుకోకండి. సోషల్ సెక్యూరిటీ, పెన్షన్, నిరుద్యోగ భృతి స్టేట్‌మెంట్లూ చెల్లుతాయి. ఆదాయం ఉన్న ప్రతి ఒక్కరివీ జతచేయాలి. ఫోటో తీసేటప్పుడు కాగితం నాలుగు మూలలూ, పేరు, తేదీ కనపడాలి.

మన పేర్లతో ఇంకో తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకో చోట, పే స్టబ్ మీద పొడి అక్షరాలు. దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టండి. చిరునామాలో అపార్ట్‌మెంట్ నంబరు వదిలేస్తే ఇంటికి ఒక్కటే అన్న నిబంధన కింద పక్కవాళ్ల దరఖాస్తుతో ముడిపడుతుంది. పీవో బాక్సు ఉత్తరాలకు సరే, నివాసంగా చెల్లదు. ఏదైనా తప్పు చూపిస్తే సరిదిద్దడానికి 45 రోజులు, ఆమోదం వచ్చాక కంపెనీని ఎంచుకోవడానికి 90 రోజులు. గడువు దాటితే మళ్లీ మొదటికే.

సేఫ్‌లింక్, అష్యూరెన్స్ లాంటి ఫోన్ కంపెనీలు సబ్సిడీ మొత్తంలోనే సరిపెట్టి ఉచిత ప్లాన్ ఇస్తాయి. మొబైల్ డేటాకు కనీస ప్రమాణం నెలకు 4.5 జీబీ. వాట్సాప్ మెసేజ్‌లకు, ఓటీపీలకు ధారాళం, మనవరాలితో రోజూ అరగంట వీడియో కాల్‌కు చాలదు. ఫోన్ సెట్టు పథకంలో భాగం కాదు, కంపెనీ ఇస్తే దాని దయ. సొంత ఫోనుంటే సిమ్ మాత్రం తీసుకోవడం మేలు. నెలకు మామూలు బిల్లు కట్టే ప్లాన్ ఇప్పటికే ఉంటే, ఆ కంపెనీ పథకంలో ఉందో లేదో చూసి అందులోనే తగ్గింపు పెట్టించుకోవచ్చు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు సొంత సబ్సిడీ కూడా కలుపుతాయి.

ఉచిత ప్లాన్‌లో లైను పోయేది ఎక్కువగా వాడకపోవడం వల్ల. 30 రోజులు వాడకం లేకపోతే నోటీసు, ఆ తర్వాత 15 రోజుల్లో కదలిక లేకపోతే తొలగింపు. ఇంటి వైఫై మీద వాట్సాప్ కాల్స్ ఎన్ని చేసినా ఈ సిమ్ వాడినట్టు కాదు. నెలకోసారి వైఫై ఆపి ఒక కాల్ చేసినా, ఒక టెక్స్ట్ పంపినా చాలు. సంక్రాంతికి ఊరెళ్లి ఉగాది దాకా ఉండిపోయే పెద్దవాళ్ల నంబరు ఇలాగే పోతుంది, అమెరికా బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తుంటే అదో తలనొప్పి. వెళ్లేముందు బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు మార్చుకోండి.

ఇక ఏడాదికోసారి అర్హత మళ్లీ రుజువు చేసుకోవాలి. రికార్డుల్లో దానంతట అదే తేలితే సరే, లేకపోతే ఉత్తరం వస్తుంది, జవాబుకు 60 రోజులు గడువు. కంపెనీ ప్రకటనలాగే ఉంటుంది ఆ కవరు, చూడకుండా చెత్తబుట్టలో వేసేస్తారు. ఆదాయం పరిమితి దాటినా, ఇంట్లో రెండో లైఫ్‌లైన్ వచ్చినా ఆ 60 రోజుల కోసం ఆగకూడదు, 30 రోజుల్లో కంపెనీకి చెప్పాలి.