పాయింట్లున్న పాత కారుకు ‘పవర్ కాయిల్’ కొనేముందు ఓములు కొలిపించండి

ఒడిశాలో జైపూర్, కోరాపుట్, రాయగడ వైపు పాయింట్లు (కాయిల్‌కి వెళ్లే కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే స్విచ్ లాంటి భాగం) ఉన్న పాత పెట్రోల్ కార్లు నడుపుతున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను.

పోయిన నెల జైపూర్‌లో ఒక షాపులో ‘పవర్ కాయిల్’ అంటే ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌లో స్పార్క్ రావడానికి బ్యాటరీ వోల్టేజ్‌ని బాగా పెంచే భాగం) కొన్నాను. 1,800 రూపాయలు. చూడ్డానికి పాతదానిలాగే ఉంది. ‘స్పార్క్ గట్టిగా వస్తుంది సార్’ అన్నాడు. రెండు రోజులు బండి నిజంగానే బాగా లాగింది. మూడో రోజు పిల్లలతో సాలూరు నుంచి వస్తుంటే సుంకి ఘాటీలో లారీ అడ్డం పడి జామ్. ఇరవై నిమిషాలు ఇంజన్ ఆపకుండా నిలబెట్టాను. కదలబోతే మిస్సింగ్, ఆ వెంటనే ఇంజన్ ఆగిపోయింది. కాయిల్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. అది చల్లారేదాకా చీకట్లో, ఆ మలుపులో, పిల్లలను పెట్టుకుని కూర్చున్నాం. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

మర్నాడు మా మెకానిక్ మీటర్ పెట్టాడు. పాత కాయిల్ ప్రైమరీ (లోపల బ్యాటరీ కరెంటు పారే తీగచుట్ట) నిరోధం 3 ఓములు, కొత్తది ఒకటిన్నర. అది బ్యాలస్ట్ రెసిస్టర్‌తో, అంటే కరెంటు తగ్గించడానికి కాయిల్‌తో వరుసలో పెట్టే నిరోధకంతో వాడాల్సిన రకం. నా బండికి ఆ రెసిస్టర్ లేదు. 12 వోల్టులకు 4 ఆంపియర్లు పారాల్సిన చోట 8 పారాయి, వేడి రెట్టింపయింది. పాయింట్లు నల్లగా మాడిపోయాయి.

జామ్‌లోనే ఎందుకు ఆగిందంటే, పాయింట్లు మూసి ఉన్నంతసేపూ కాయిల్ ఛార్జ్ అవుతుంది. దాన్నే డ్వెల్ అంటారు. నాలుగు సిలిండర్ల ఇంజన్ 6,000 ఆర్‌పీఎమ్‌లో తిరిగితే స్పార్క్‌కీ స్పార్క్‌కీ మధ్య 5 మిల్లీసెకన్లే, అందులో ఛార్జింగ్‌కి దొరికేది సుమారు 3. అదే 800 ఆర్‌పీఎమ్ ఐడిలింగ్‌లో 20 దాటుతుంది. కాయిల్ ఎప్పుడో నిండిపోయినా కరెంటు పారుతూనే ఉంటుంది, ఆ సమయమంతా వేడి కిందే పోతుంది. కొత్త కార్లలో ఆ టైమ్‌ని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చూసుకుంటుంది, బ్యాటరీ వోల్టేజ్ తగ్గితే పెంచుతుంది కూడా. పాయింట్ల బండిలో ఆపేవాడు లేడు. అందుకే కొత్త కార్ల ఒక ఓములోపు కాయిల్ మన బండికి అసలు పెట్టకూడదు.

షాపువాడు ‘ఎలక్ట్రికల్ సామాను వాపసు లేదు’ అన్నాడు. బిల్లు మీద ఓములు లేవు, ఏమీ అనలేకపోయాను.

మీరు కొనేముందు కౌంటర్ దగ్గరే కొలిపించండి. ముందు మీటర్ వైర్లు రెండూ కలిపి ఎంత చూపిస్తుందో చూసి, అది తీసేసి లెక్క వేయండి. ఇంత చిన్న కొలతలో ఆ తేడాకే మోసపోతాం. పాత కాయిల్ పట్టుకెళ్లి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఓములు బిల్లు మీద రాయించుకోండి. బిగించాక ఇంజన్ ఆపి తాళం మాత్రం ఆన్‌లో వదలొద్దు, పాయింట్లు మూసి ఉంటే కాయిల్ ఊరికే కాలుతుంది.