చేతి తక్కెడతో కొనేవాళ్ళకు జాగ్రత్త: ఖాళీ తక్కెడ సరిగ్గా నిలబడినా తూకం తప్పొచ్చు

వారం సంతలో గానీ, చేపల బజారులో గానీ, ఇంటి ముందుకొచ్చే బండి దగ్గర గానీ చేతి తక్కెడతో తూయించుకుని కొనేవాళ్ళందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. కొనేముందు మనం ఏం చేస్తాం? ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమంటాం. ముల్లు నడిమికి వచ్చి ఆగితే సరే అనుకుంటాం. కాస్త గట్టివాళ్ళయితే రాయి తిరగేసి కింద సీసం ముద్ర కూడా చూస్తారు. మాకు ఆ రెండూ చూపించారు, రెండూ బాగానే ఉన్నాయి. అయినా పది కేజీల చింతపండులో దాదాపు 600 గ్రాములు తక్కువొచ్చింది.

ఏడాదికి సరిపడా కొత్త చింతపండు ఒకేసారి కొనడం మా ఇంట్లో అలవాటు. కేజీ 180 రూపాయల చొప్పున సంతలో బేరం కుదిరింది. అయిదు కేజీల రాయి వేసి రెండు తూకాలు తూచి ఇచ్చాడు. అదే సాయంత్రం మా వీధి కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 9 కేజీల 400 చిల్లర చూపించింది. ఒక్క పూటలో చింతపండు అంత ఆరిపోదు. డబ్బు లెక్కలో నూరు రూపాయల పైమాటే. కానీ రాయి సరైనది, ముల్లు సరైనది, మరి సరుకు ఎక్కడ పోయిందన్నదే అసలు ప్రశ్న.

మళ్ళీ సంతకు వెళ్ళినప్పుడు సీలు తీయని కేజీ ఉప్పు ప్యాకెట్ ఒకటి పట్టుకెళ్ళాను. సరుకు వేసే పళ్ళెంలో ప్యాకెట్, రెండో పళ్ళెంలో కేజీ రాయి వేయమన్నాను. ప్యాకెట్ వైపు దిగింది. ఇప్పుడు రెండింటినీ అటూ ఇటూ మార్చమన్నాను. ఈసారి రాయి వైపు దిగింది. అంటే ఏది వేసినా సరుకు పళ్ళెమే కిందికి పోతోంది. లోపం రాయిలో లేదు, ప్యాకెట్‌లో లేదు, దండెలో, అంటే పళ్ళాలు రెండూ వేలాడే అడ్డ కడ్డీలో ఉంది. పురికొసతో కొలిచి చూస్తే, చేత్తో పట్టుకునే నడిమి కొక్కెం నుంచి రాళ్ళ పళ్ళెం కొక్కేనికి 24 సెంటీమీటర్లు, సరుకు పళ్ళెం కొక్కేనికి 25న్నర. ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా. దండె ఊగుతూ ఉంటే ఎంత చూపున్నవాడికైనా అది కనిపించదు.

ఆ ఒకటిన్నర సెంటీమీటర్లు ఏం చేస్తాయో తెలియాలంటే తక్కెడ కూడా ఒక లివరేనని గుర్తు పెట్టుకోవాలి. గునపం కింద చిన్న రాయి పెట్టి బండను పెకలించడం అందరూ చూసే ఉంటారు. ఆ చిన్న రాయి ఆధారం. బండ వైపు గునపం పొట్టిగా, మన చేతి వైపు పొడుగ్గా ఉంటుంది కాబట్టే మన కొద్దిపాటి బలానికి అంత బండా కదులుతుంది. లెక్క చాలా సులువు: ఒక పక్క బరువును ఆధారం నుంచి దాని దూరంతో గుణించండి, రెండో పక్కా అలాగే గుణించండి. రెండు లబ్ధాలూ సమానమైతే లివర్ నిలబడుతుంది. బరువును మన బలంతో భాగిస్తే వచ్చేదే యాంత్రిక లాభం. చేతి వైపు దూరం బండ వైపు దూరానికి అయిదు రెట్లుంటే లాభం అయిదు. మంచి తక్కెడలో దండెకు రెండు చేతులూ, అంటే నడిమి కొక్కెం నుంచి రెండు పక్కల దూరాలూ, సమానం కాబట్టి లాభం ఒకటి, అంటే ఎవరికీ లాభం లేదు. కొనేవాళ్ళకు కావలసిందీ అదే.

ఆ తక్కెడలో మాత్రం లాభం సరుకు వైపు పోయింది. రాయి 5 కేజీలు, దూరం 24, గుణిస్తే 120. సరుకు దూరం 25.5 కాబట్టి 120ని 25.5తో భాగిస్తే 4.706. అంటే 4 కేజీల 706 గ్రాముల చింతపండే 5 కేజీల రాయికి సరితూగుతుంది. తూకానికి 294 గ్రాములు పోయాయి, రెండు తూకాలకు 588. మా కాటా చెప్పింది అక్షరాలా అదే. తేడా ఒకటిన్నర సెంటీమీటర్లే ఉండనక్కర్లేదు. 24 పక్కన 24న్నర ఉన్నా కేజీకి 20 గ్రాములు పోతాయి, రోజంతా అమ్మే సరుకు మీద అది చిన్న లెక్కేం కాదు.

మరి చేతులు ఎగుడుదిగుడుగా ఉంటే ఖాళీ తక్కెడ ఒక పక్కకు వాలిపోవాలి కదా అంటారు. వాలుతుంది, పళ్ళాలు ఒకే బరువైతే. పొట్టి చేతికి కాస్త బరువైన పళ్ళెం తగిలిస్తే వాలదు. దండె సొంత బరువును పక్కన పెడితే, సరుకు పళ్ళెం 400 గ్రాములుంటే రాళ్ళ పళ్ళేన్ని 425 గ్రాములు చేస్తే చాలు. గొలుసుకు రెండు చుట్లు తీగ చుడితే ఆ 25 గ్రాములు వచ్చేస్తాయి. ముల్లు నడిమికి నిలబడుతుంది, మనం తలూపుతాం. ఖాళీ తక్కెడ పరీక్ష పళ్ళాల సంగతే చెబుతుంది, చేతుల సంగతి చెప్పదు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో కొనుగోళ్ళు చేసేవాళ్ళకు తప్పకుండా చెప్పండి.

ఇంకో అపోహ కూడా పోవాలి. చాలామంది గొలుసుల పొడుగు చూస్తారు, ఒక పళ్ళెం కిందికి వేలాడుతుంటే మోసమంటారు. గొలుసు పొడవుతో లివర్‌కు పని లేదు. బరువు నిట్టనిలువుగా కిందికే లాగుతుంది, కాబట్టి గొలుసు జానెడైనా బారెడైనా దండె మీద ఎక్కడ తగిలించారన్నదే లెక్క. పొడుగు గొలుసు తెచ్చే తేడా దాని సొంత బరువంతే, అది ఖాళీ తక్కెడలోనే బయటపడుతుంది. మీ చూపు దండె చివరి కొక్కేల మీద ఉండాలి.

ఇక ఏం చేయాలంటే, తూకం అయ్యాక సరుకునూ రాళ్ళనూ పళ్ళాలు మార్చి మళ్ళీ ఎత్తమనండి. మంచి తక్కెడైతే మళ్ళీ అలాగే నిలబడుతుంది. మాకు తూచిన తక్కెడలాంటిదైతే రాళ్ళ వైపు దబ్బున దిగుతుంది, దాన్ని లేపడానికి ఇంకో 600 గ్రాముల సరుకు వేయాల్సి వస్తుంది. అసలు తేడా 294 గ్రాములే అయినా మార్చినప్పుడు రెట్టింపుకు పైగా కనబడుతుంది కాబట్టి ఎవరూ బుకాయించలేరు. మార్చి తూచడానికి ఒప్పుకున్నవాడి దగ్గర సగం సరుకు ఒక పళ్ళెంలో, సగం రెండో పళ్ళెంలో తూయించుకున్నా మనకు నష్టం రాదు. పై లెక్క ప్రకారం ఒక తూకం 4.706, రెండోది 5.312, మొత్తం పది కేజీల మీద 18 గ్రాములు మనకే ఎక్కువ. చేతుల్లో తేడా ఎంతున్నా ఇలా తూస్తే నష్టపోయేది ఎప్పుడూ అమ్మేవాడే.

ఇంకా ఖచ్చితమైన దారి ఒకటుంది, ఫ్రాన్స్‌కు చెందిన బోర్డా అనే శాస్త్రవేత్త పేరుతో భౌతికశాస్త్రంలో చెబుతారు. సరుకును ఒక పళ్ళెంలో ఉంచి రెండో దాంట్లో ఇసుకో బియ్యమో వేసి నిలబెట్టాలి. తర్వాత ఆ ఇసుకను కదపకుండా సరుకు తీసేసి, సరుకు ఉన్న అదే పళ్ళెంలో రాళ్ళు వేసి నిలబెట్టాలి. సరుకూ రాళ్ళూ ఒకే చోట కూర్చున్నాయి కాబట్టి చేతులు ఎంత వంకరైనా తూకం తప్పదు. సంతలో ఇంత ఓపిక ఎవరికీ ఉండదు గానీ, ఇంట్లో పాత తక్కెడ ఉన్నవాళ్ళకు పనికొస్తుంది.

చేపల దగ్గర మరో సంగతి. పళ్ళెంలోకి చేపను పైనుంచి పడేస్తే ఆ ఊపుకు పళ్ళెం దిగుతుంది, దిగీదిగగానే సంచిలో వేసేస్తారు. ముల్లు ఊగడం ఆగేదాకా ఆగమనండి. దండెకు చేతి వేలు తగలకూడదు. కొసన ఆనించిన వేలికి నడిమి దగ్గర ఆనించిన వేలికన్నా ఎన్నో రెట్లు పట్టుంటుంది, అదీ లివర్ లెక్కే.

ఈ మోసం కొత్తదేం కాదు. అరిస్టాటిల్ పేరుతో చలామణీ అయిన ఒక పాత గ్రీకు గ్రంథంలో, ఊదారంగు అమ్మే వర్తకులు తక్కెడ తాడును నడిమికి కాకుండా పక్కకు కట్టి, ఒక చేతిలో సీసం పోసి కొనేవాళ్ళను ముంచుతారని రాసి ఉంది. మన అర్థశాస్త్రం తూనికలకూ కొలతలకూ పౌతవాధ్యక్షుడనే అధికారిని పెట్టి, నాలుగు నెలలకోసారి వాటికి ముద్ర వేయించమంది. ఇప్పుడు 2009 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) చట్టం కింద రాళ్ళకూ చేతి తక్కెడలకూ 24 నెలలకోసారి, ఎలక్ట్రానిక్ కాటాలకు 12 నెలలకోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. మేము కొన్న చోట రాళ్ళకు ముద్ర ఉంది, దండె మీద ఆనవాలే లేదు. అందుకే రాయి తిరగేసి ఊరుకోకండి, దండె మీద ముద్ర కూడా అడగండి.

కొలత చూపించాక ఆ అమ్మేవాడు గొడవ పడలేదు. "అన్నా, తక్కెడ మా మామదన్నా. కొక్కెం ఊడిపోతే కమ్మరి దగ్గర మళ్ళీ వేయించినాం, ఒక పక్క వాలుతాంటే తీగ చుట్టినాం" అన్నాడు. అది నిజమే కావచ్చు. కొక్కెం బెజ్జం అరిగి జరిగినా, దండె వంగినా ఎవరి దురుద్దేశమూ లేకుండానే చేతులు తేడా పడతాయి. తగ్గిన చింతపండు ఇచ్చేశాడు. కానీ ఆ సీజన్‌లో అదే తక్కెడ మీద కొన్నవాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు, వాళ్ళకు రావలసింది రాలేదు. నాకు బాధ అక్కడే. సంతకొచ్చేవాళ్ళలో చాలామందికి వంద రూపాయలంటే సగం పూట కూలి.

మీకు ఇలాంటి తక్కెడ ఎదురైతే ముందు అక్కడే పళ్ళాలు మార్చి అందరి ముందూ చూపించండి, అరవాల్సిన పని లేదు. తేడా ఇవ్వకపోతే, లేదా తక్కెడ మార్చకుండా అలాగే అమ్ముతుంటే జిల్లా తూనికలు కొలతల శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా తీసుకుంటారు. సంత పేరు, వారం, అమ్మేవాడు కూర్చునే చోటు రాసుకుని పెట్టుకోండి. దండె మీద ముద్ర ఉందో లేదో కనబడేలా ఒక ఫొటో, పళ్ళాలు మార్చినప్పుడు ముల్లు ఎటు వాలిందో చూపించే చిన్న వీడియో ఉంటే ఇంకా మంచిది.