గ్రూప్-1 పాలిటీ కోచింగ్: పార్లమెంటు పాఠం కోసమైనా చేరండి

అశోక్‌నగర్‌లో పాలిటీ ఒక్కటే చెప్పే చిన్న కోచింగ్ సెంటర్ ఇది. రాజ్యాంగ చరిత్ర, ప్రాథమిక హక్కులు అందరూ చెప్పినట్టే చెప్తారు. పార్లమెంటు విధానాలు మాత్రం ఈ సార్ చెప్పినంత బాగా నేనింకెక్కడా వినలేదు.

గిలెటిన్ (గడువు కాగానే చర్చ ఆపి మిగిలినవన్నీ ఓటుకు పెట్టేయడం) పాఠం రోజు మమ్మల్నే లోక్‌సభ చేసి కూర్చోబెట్టారు. శాఖల పద్దుల (ఏ శాఖకు ఎంత ఖర్చుకు ఒప్పుకోవాలన్న కోరికల) మీద ఒక్కొక్కరం మాట్లాడాలి. భువనగిరి అమ్మాయి వ్యవసాయం తీసుకుని పత్తి రేటు మీద మంచి ఊపులో ఉంది. గడియారం ఐదు కొట్టగానే సార్ బల్ల చరిచి, మిగిలిన పద్దులన్నీ ఓటుకు పెట్టేశారు. ఆరోగ్యం, రైల్వే, రక్షణ... ఒక్క ముక్క చర్చ లేకుండా పాస్! ‘‘ఇంకా అవలేదు సార్’’ అని ఆ అమ్మాయి అంటే, ‘‘లోక్‌సభ 208వ నిబంధనమ్మా. ఆఖరి రోజు ఐదింటికి, లేదా స్పీకర్ ముందే చెప్పిన టైముకి ఓటు పెట్టాల్సిందే’’ అన్నారు.

పద్దులు పాసవ్వాలి, ఆపైన ద్రవ్య వినిమయ బిల్లు పాసవ్వాలి. అది లేనిదే ఖజానాలోంచి రూపాయి తీయడానికి వీల్లేదు. గడువు ఎందుకో అప్పుడు అర్థమైంది. అయినా 2018 మార్చి 14న సభలో గొడవల మధ్య శాఖల పద్దులన్నీ చర్చే లేకుండా అరగంటలో గట్టెక్కాయంటే నాకిప్పటికీ మింగుడుపడదు. అదే ఏడాది జులై 20న అవిశ్వాసం మీద చర్చకు ఏడు గంటలు కేటాయిస్తే దాదాపు పన్నెండు గంటలు నడిచింది. టీడీపీకి ఇచ్చింది 13 నిమిషాలే, గల్లా జయదేవ్ ఒక్కరే దాదాపు గంట మాట్లాడారు. అవిశ్వాసానికి వర్తించే 198వ నిబంధనలోనూ ఇలాంటి గడువే ఉంది, అయినా అంతసేపు నడిచింది. అంటే సభ తలుచుకుంటే ఓటుకు ముందు టైము పెంచుకోవచ్చు. పద్దులకూ ఆ పట్టుదల ఉండాలి.

డివిజన్ (ఓట్లు లెక్కపెట్టడం) అడిగినప్పుడు సార్ స్టాప్‌వాచ్ పెట్టి మూడున్నర నిమిషాలు బెల్లు మోగించారు. సభ్యులు లోపలికి పరిగెత్తి రావడానికి ఆ టైము ఎంత తక్కువో మెట్లెక్కి వచ్చినవాళ్లకే తెలిసింది.

లోపం నోట్సులో ఉంది. క్లోజరునీ (చర్చ ఆపి ఓటు పెట్టమనే తీర్మానం) గిలెటిన్‌నీ ఒకే పేరాలో కలిపేశారు. క్లోజరు 362వ నిబంధన కిందకొస్తుంది, సభ్యుడెవరైనా అడగొచ్చు. సరైన చర్చ జరగలేదనిపిస్తే స్పీకర్ దాన్ని ఒప్పుకోనక్కర్లేదు. ప్రిలిమ్స్‌లో సరిగ్గా ఇక్కడే బిట్టు పోతుంది, చేతిరాతతో దిద్దుకోండి.

ఆదివారం బ్యాచ్‌లో ముందు బెంచీలు పట్టుకోండి, వెనక్కి మైకు వినపడదు.