కాశీబుగ్గ జీడిపప్పు దుకాణం: సరుకు నికార్సు, వాదన సగం

కాశీబుగ్గ బజారులోని ఈ చిన్న దుకాణంలో 320 రకం గుండు పప్పును నమ్మి కొనవచ్చు. పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 పప్పులు తూగితేనే అది 320 రకం. ఇంటికి తెచ్చి వంద గ్రాములు తూచి లెక్కపెడితే డెబ్బై దాటకూడదు, దాటలేదు. యజమాని డబ్బా మూత తీసి "కొరికి చూసి తీసుకోండి బాబూ" అంటారు. విరిస్తే పటుక్కుమంది, ముక్కవాసన లేదు, పొర గీకిన చోట గాటు కనబడలేదు. పాయసానికైతే బద్ద చాలు, డబ్బు మిగులుతుంది.

ఈ నాణ్యతకు కాపలా తనిఖీ అధికారి కంటే ఎదుటి వరసలోని పోటీ దుకాణమేనని నా అభిప్రాయం. మార్కెట్టును దాని దారిన వదలాలనే స్వేచ్ఛావాదుల్లో ఎక్కువమంది కూడా ప్రభుత్వమే వద్దనరు. ప్రాణానికి, ఆస్తికి, ఒప్పందానికి రక్షణ కల్పించి మిగిలిన బేరసారాల్లో తలదూర్చవద్దంటారు. ఆ లెక్కన ఇక్కడ సర్కారుకు మిగిలే పని కాటా మీద తూనికలు కొలతల శాఖ వేసే ముద్ర. అది నాకు కావాలి, చూశాకే డబ్బు తీశాను.

అయితే బేరం ముగిసి మాటల్లో పడ్డాక, ఈ స్వేచ్ఛ యజమానికి ఎంతవరకు ఇష్టమో తెలిసింది. ఆఫ్రికా నుంచి వచ్చే జీడిపిక్కల మీద సుంకం ఉండకూడదని, విదేశాల నుంచి వచ్చే తయారు పప్పుకు మాత్రం అడ్డుగోడ ఉండాలని ఆయన కోరిక. ఆ గోడ ఉంది: 2019లో కేంద్రం గుండు పప్పుకు కిలో రూ.720, ముక్కలకు రూ.680 కనీస దిగుమతి ధరగా నిర్ణయించి, అంతకు తక్కువకు దిగుమతిని నిషేధించింది. అది లేకపోతే పలాస ఫ్యాక్టరీల్లో పప్పు ఒలిచే ఆడవాళ్ల కూలి పోతుందని ఆయన అన్నది కొట్టిపారేయదగిన మాట కాదు, కానీ ఆ కూలిని కాపాడే ఖర్చు కొనేవారి జేబులోంచే వస్తుంది. పైగా తిత్లీ తుపానుకు తోటలు కూలిన ఉద్దానం రైతు 80 కిలోల పిక్కల బస్తాకు మద్దతు ధర అడిగితే, "ధర మార్కెట్టే చెప్పాలి కదండీ" అన్నదీ ఆయనే. వ్యాపారానికి అడుగడుగునా సర్కారు అనుమతి కావాలనే పర్మిట్ లైసెన్సు రాజ్యాన్ని ఎదిరించడానికి 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీ తరఫున రైతు నాయకుడు ఎన్.జి. రంగాను లోక్‌సభకు పంపిన శ్రీకాకుళం జిల్లాలో ఈ సగం స్వేచ్ఛావాదం వినడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. పిక్కకు తలుపు తీసినవారు పప్పుకూ తీయాలి, లేదా రైతు అడిగే మద్దతు ధరను తప్పుపట్టడం మానాలి.

ఇక సరుకు కట్టివ్వడం నాసిరకం. పలచటి ప్లాస్టిక్ సంచి, దాని మీద తేదీ లేదు. దూరపు ఊళ్లకు పంపేవారు గాలి తీసిన ప్యాకెట్టు అడిగి తీసుకోవాలి. దానికి వేరే రుసుము ఉంది, ఎంతో ముందే చెబుతారు.