పుల్లల కట్టా, పది రూపాయల నోటా, పూసల చట్రమా? పదుల లెక్క నేర్పడానికి ఏది మేలు

మూడో తరగతి పిల్ల పలక మీద 52 వేసి, కింద 27 వేసి, గీత గీసి, 35 అని తెచ్చి చూపించింది. “ఎట్టా వచ్చిందమ్మా?” అన్నాను. “ఏడులోంచి రెండు పోతే ఐదు టీచర్, ఐదులోంచి రెండు పోతే మూడు” అంది గబగబా. ఎక్కడా తడబడలేదు. అది పరధ్యానంలో చేసిన తప్పు కాదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలని ఎవరో ఎప్పుడో చెప్పారు, దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఆ పిల్లకు 52 అంటే యాభైరెండు కాదు. ఐదు ఒక పక్క, రెండు ఒక పక్క, అంతే.

ఒంగోలు దగ్గర టంగుటూరు, కొండపి వైపు పల్లె బడుల్లో పాఠం చెబుతూ ఈ 35ను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పలకరాయికి పేరుపడ్డ మార్కాపురం మాకు పడమటనే ఉంది. ఆ రాతి పలకలు పోయి ప్లాస్టిక్ పలకలు వచ్చినా వాటి మీద ఈ తప్పు మాత్రం పోలేదు. చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో కూర్చున్నప్పుడు దీని గురించే మాట్లాడుకుంటాం. పుల్లలతో చెప్పాలా, డబ్బులతో చెప్పాలా, పూసల చట్రం మీద చెప్పాలా, ఇవేవీ లేకుండా పలక మీదే అలవాటు చెయ్యాలా? ఒక్కొక్కరిది ఒక్కో మాట. నా చేతి కింద ఏది నిలిచిందో, ఏది నిలవలేదో చెబుతాను.

మొదటి మాట పుల్లలకే. కొబ్బరి ఈనెలను బెత్తెడు ముక్కలుగా కోసి, ఇద్దరు పిల్లలకు వంద చొప్పున ఇస్తాను. చీపురు విప్పి తెచ్చిన పుల్లలు వాడను. ఒకసారి ఒక పిల్ల నాయనమ్మ బడికొచ్చి, “చదువుకునే చోట చీపురు పుల్లలేంది తల్లీ” అని బాధపడింది. ఆమె మాట నాకూ సబబనిపించింది. అప్పటినుంచి పచ్చి మట్టల ఈనెలే చీరి, ఆరబెట్టి వాడుతున్నాను.

పుల్లల్లో ఉన్న బలం ఒక్కటే, అది చాలా పెద్దది. పిల్ల తన వేళ్ళతో పది లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి, కట్ట కడుతుంది. ఇప్పుడది ఒక కట్ట. కానీ లోపల పది పుల్లలు కనపడుతూనే ఉన్నాయి, కావాలంటే విప్పి చూసుకోవచ్చు. ఒకటీ తనే, పదీ తనే అన్న చిక్కు విషయాన్ని ఆరేళ్ళ పిల్లకు నోటితో చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు. కట్ట చేతికిస్తే చెప్పాల్సిన పనే లేదు.

కూడిక చూడండి. 38కి 25 కలపాలి. మూడు కట్టలు, ఎనిమిది విడి పుల్లలు. రెండు కట్టలు, ఐదు విడి పుల్లలు. విడివన్నీ ఒకచోట పోస్తే పదమూడు. అందులో పది ఏరి కట్ట కడితే మూడు మిగిలాయి. ఆ కొత్త కట్ట పిల్ల చేతిలో ఉంది. దాన్ని తీసుకెళ్ళి కట్టల్లో పెడితే ఆరు కట్టలు, మూడు పుల్లలు, అరవైమూడు. తరతరాలుగా మనం “మూడు వేసి, ఒకటి చేతిలో పెట్టుకో” అంటున్నాం కదా, ఆ చేతిలో ఒకటి అంటే ఏమిటో ఇక్కడ కళ్ళకు కనపడుతుంది. చేతిలో ఉన్నది ఒకటి కాదు, పది.

52లోంచి 27 తీసెయ్యమని ఆ పిల్లకే పుల్లలిచ్చాను. ఐదు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టుకుంది. ఏడు తియ్యాలి, విడిగా రెండే ఉన్నాయి. కాసేపు చూసింది. ఒక కట్ట మీద చెయ్యి వేసి, “విప్పొచ్చా టీచర్?” అంది. ఆ మాట కోసమే నేను ఎదురుచూస్తున్నది. విప్పింది, పన్నెండయ్యాయి, ఏడు తీసింది, రెండు కట్టలు తీసింది. రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగిలాయి. పలక మీది 35 వైపు, ముందున్న పుల్లల వైపు రెండు మూడుసార్లు చూసి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకుంది.

పుల్లలతో తిప్పలూ ఉన్నాయి. ఎండాకాలం రబ్బరు బ్యాండ్లు మెత్తబడి అతుక్కుపోతాయి, తెగుతాయి. పుల్లలు పోతాయి. తొమ్మిదికే కట్ట కట్టేసే పిల్లలుంటారు. ఈ చివరిది మాత్రం నాకు పనికొచ్చే తప్పు. జవాబులో ఒకటి తేడా వచ్చింది, ఎక్కడ వచ్చిందో వెతకండి అంటే కట్టలన్నీ విప్పి వాళ్ళే పట్టుకుంటారు. అసలు పరిమితి వేరే ఉంది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు పట్టుబడాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతిలో 99 దాకా, రెండులో 999 దాకా, మూడులో 9999 దాకా అంకెలు చదవాలి, రాయాలి. పది కట్టలు కలిపి తాడుతో కట్టిన వంద మోపులు నాలుగైదు చేసి బల్ల మీద పెట్టగలను. వెయ్యి పుల్లల మోపు ఒకటే చేసి, అందరూ ఎత్తి చూశాక, మూలన పెట్టేశాను. అంతకు మించి పుల్లలు మోయవు.

ఇక డబ్బులు. మీటింగుల్లో ఎక్కువమంది వీటి పక్షమే. “పిల్లలకు తెలిసినదాంతో మొదలుపెట్టాలి కదా” అంటారు. నిజమే, ఆ 35 వేసిన పిల్లే యాభై రూపాయల నోటు తీసుకెళ్ళి ఇరవైఏడు రూపాయల సరుకు తెచ్చి, ఇరవైమూడు తిరిగిచ్చారో లేదో కొట్టు ముందే నిలబడి చూసుకుంటుంది. అంత తెలిసిన పిల్లకు పలక మీద ఎందుకు తెలియలేదు?

పది రూపాయల నోటులో పది రూపాయి బిళ్ళలు లేవు. దాన్ని విప్పలేం, చించలేం. నోటు ఇచ్చి పది బిళ్ళలు తీసుకోవాలి, అంటే మార్చుకోవాలి. ఆ మార్పు సరైనదే అని పిల్ల నమ్మాలి. ఒకటో తరగతి పిల్లాడి ముందు ఒక పది రూపాయల నోటు, ఐదు రూపాయి బిళ్ళలు పెట్టి ఏవి ఎక్కువ అని అడిగి చూడండి. బిళ్ళలు చూపించేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళ కంటికి ఐదు, ఒకటి. పది అంటే ఏమిటో పుల్లల దగ్గర కుదురుకోకముందే నోటు చేతికిస్తే, నోటు బొమ్మను బట్టి గుర్తుపడతారు గానీ లెక్కను బట్టి కాదు.

ఇంకో సంగతి. ఇప్పుడు మా పల్లెలోని చిన్న కొట్లో కూడా ఫోనుతో స్కాన్ చేసి డబ్బు కట్టేస్తున్నారు. పదేళ్ళ కిందటి పిల్లలకు చిల్లర ఎంత తెలుసో ఇప్పటి పిల్లలకు అంత తెలియదు. పది రూపాయల బిళ్ళ ఇస్తే పుచ్చుకోని కొట్లు ఇంకా ఉన్నాయి. “పిల్లలకు డబ్బు బాగా తెలుసు” అనే మాటను మనం మన చిన్నతనం నుంచి తెచ్చుకుని వాడుతున్నాం. అయినా రెండో తరగతి మధ్యలో, పుల్లలతో పది గట్టిపడ్డాక, అట్ట నోట్లు చేసి వంద, పది, ఒకటి మార్పిడి ఆట ఆడిస్తే బాగా పనిచేస్తుంది. పుల్లలు మోయలేని వందల్ని నోట్లు సులువుగా మోస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఐదు, ఇరవై, యాభై నోట్లు కలపకూడదు, అవి పదుల వరసను చెరిపేస్తాయి.

ఒకట్లకు, పదులకు, వందలకు ఒక్కో తీగ పెట్టి పూసలు గుచ్చిన పూసల చట్రం గురించి ఎక్కువ చెప్పను. అందులో పూసలన్నీ ఒకే సైజు. ఒకట్ల తీగ మీది పూసకూ వందల తీగ మీది పూసకూ తేడా లేదు, ఉన్న తేడా అంతా చోటుదే. ఆర్యభటుడు 499లో “స్థానాత్ స్థానం దశగుణం” అన్న మాట ఇదే, చోటు నుంచి చోటుకు పదింతలు. అది పెద్ద ఆలోచన, చివర రావాల్సిన ఆలోచన. మొదటే చట్రం ఇస్తే పిల్లలు పూసలు లెక్కపెడతారు, చోటును చూడరు. మూడో తరగతిలో 4052 లాంటి అంకెలో సున్నా చోటు ఖాళీగా ఎందుకుండాలో చూపడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

ఒంగోలులో, నెల్లూరులో డబ్బు కట్టి చేర్పించే అబాకస్ క్లాసులు వేరు. ఆ చట్రంలో పైన ఐదు విలువ గల పూస ఒకటి, కింద ఒకటి విలువ గలవి నాలుగు ఉంటాయి. వేళ్ళు, ఆ తర్వాత మనసు, వేగంగా కదలడానికి అది. చేర్పించమంటారా అని అడిగే తల్లిదండ్రులకు నా జవాబు ఒకటే, 52లోంచి 27 తీస్తే 35 వేసే పిల్లకు తక్కువైంది వేగం కాదు. ఆ పిల్ల వేగంగానే వేసింది.

పలక మీద నేరుగా నేర్పే పద్ధతి గురించి నాకున్న పెద్ద ఫిర్యాదు ఒక మాట మీద. “రెండులోంచి ఏడు పోదు, పక్కింటికెళ్ళి అప్పు తెచ్చుకో.” నేనూ ఏళ్ళ తరబడి ఇదే చెప్పాను. ఒకరోజు ఒక పిల్లాడు “మళ్ళీ ఎప్పుడిచ్చెయ్యాలి టీచర్?” అని అడిగాడు. మా వైపు పొగాకు వేసే ఇళ్ళు, కౌలుకు చేసే ఇళ్ళు. అప్పు, వడ్డీ, తీర్చడం అనే మాటలు వింటూ పెరిగిన పిల్లాడు. వాడి ప్రశ్న ఎంత న్యాయమైనది! ఈ లెక్కలో అప్పు లేదు, తీర్చేదీ లేదు. అంకె తనలో ఉన్నదాన్నే విడదీసుకుంటోంది. ఆ రోజు నుంచి “అప్పు తెచ్చుకో” అనడం మానేశాను. “కట్ట విప్పు” అంటాను. పలక మీద ఐదు కొట్టేసి నాలుగు వేసేటప్పుడు కూడా ఆ మాటే.

ఈ మాట మార్పు విలువ సున్నాల దగ్గర తెలుస్తుంది. 300లోంచి 148 తియ్యాలి. పక్కింట్లో సున్నా ఉంది, అప్పు ఎక్కడ పుడుతుంది? “మధ్య సున్నా తొమ్మిది అయిపోతుంది” అని కంఠతా పట్టించడమే దారి. మోపుతో చేస్తే, మూడు వంద మోపుల్లో ఒకటి విప్పితే పది కట్టలు వచ్చాయి. అందులో ఒక కట్ట విప్పితే పది పుల్లలు వచ్చాయి. కట్టలు తొమ్మిదే మిగిలాయి. రెండు మోపులు, తొమ్మిది కట్టలు, పది పుల్లలు. ఆ తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో ఇక చెప్పక్కర్లేదు. అందులోంచి 148 తీస్తే 152.

ఇదే లెక్కను కొట్టాయన ఇంకోలా చేస్తాడు. 148 నుంచి 150కి రెండు, 200కి యాభై, 300కి వంద, మొత్తం 152. తీసివేత చెయ్యకుండా పైకి లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఈ రెండిట్లో ఏది మేలంటే, నోటి లెక్కకు కొట్టాయనదే మేలు, సందేహం లేదు. సున్నాలున్నప్పుడు, రెండు అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు, అంటే 403లోంచి 397 లాంటివాటికి, కట్టలు విప్పుతూ కూర్చోవడం దండగ, 397 నుంచి ఆరు పైకెళితే చాలు. కానీ 862లోంచి 135 లాంటివి పలక మీద కట్ట విప్పితేనే తేలిక. పిల్లలకు రెండూ నేర్పి, ముందు అంకెల వంక చూసి, ఏ దారిలో పోతావు అని అడగాలి. నేను మార్కులు వేసేటప్పుడు రెండు దారులకూ పూర్తి మార్కులు వేస్తాను. వెయ్యనివాళ్ళతో వాదించాను కూడా.

అంకెను ఏ భాషలో పలకాలన్న ప్రశ్న కూడా దీనితో ముడిపడిందే. మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. చాలా బడుల్లో అంకెలు ఇంగ్లీషులోనే పలికిస్తున్నారు. పదుల లెక్క మొదలుపెట్టే రెండేళ్ళూ తెలుగే మేలని నేను గట్టిగా చెబుతాను. పదకొండు, పన్నెండులలో ఒకటీ రెండూ కొంచెం దాక్కున్నాయి. పదమూడు నుంచి అంతా తేటగా ఉంటుంది, ముందు పది, తర్వాత మూడు, రాసేదీ ఆ వరసలోనే. ఫిఫ్టీన్‌లో ఐదు ముందు వినపడుతుంది, అందుకే 51 వేసే పిల్లలున్నారు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ విడదీసి వినడం మరో కష్టం. అయితే నూట ఐదు అంటే 1005 వేసే తప్పు ఏ భాషలోనైనా ఒకటే. దానికి పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, 100 ముక్క మీద చివరి సున్నా కప్పేలా 5 ముక్క పెట్టి చూపిస్తాను. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

కాబట్టి నా బడిలో వరస ఇది. ఒకటో తరగతంతా, రెండో తరగతి సగం దాకా పుల్లలు. తర్వాత అట్ట నోట్లు, పక్కనే కొట్టు ఆట. మూడులో చట్రం, పలక. ఎవరైనా పలక మీద తప్పారంటే, ఏ తరగతి వాళ్ళైనా సరే, మళ్ళీ పుల్లల డబ్బా దగ్గరకే.

ఇంట్లో చేయించాలనుకునేవాళ్ళకు వంద ఈనెలు, పదకొండు రబ్బరు బ్యాండ్లు చాలు. పదకొండోది పది కట్టలనూ కలిపి వంద మోపు కట్టడానికి. కట్టలు మాత్రం మీరు కట్టి ఇవ్వకండి. ఆలస్యమైనా, తొమ్మిదికే కట్టినా, పిల్లనే కట్టనివ్వండి.