స్టీలు దువ్వెన, టోఫు లిట్టర్: రెండు పెర్షియన్ పిల్లులతో మూడేళ్ల వాడకం తర్వాత

పొడవు బొచ్చు పిల్లికి లిట్టర్ (మలమూత్రాల కోసం బాక్సులో పోసే ఇసుకలాంటి సరుకు) సరిగ్గా ఎంచుకుంటే దువ్వే పని సగం తగ్గుతుంది. మూడేళ్లు వాడాక గట్టిగా చెప్పగలిగే మాట ఇది.

ముందు దువ్వెన సంగతి. స్లిక్కర్ బ్రష్ (సన్న తీగల పళ్లున్న బ్రష్) పైపైన నునుపు చేస్తుంది, అంతే. బొచ్చు పట్టులా మెరుస్తున్నా, చంకలో వేలు పెడితే చిక్కుపడ్డ బొచ్చు ఉండ తగులుతుంది. స్టీలు దువ్వెన పళ్లు చర్మం దాకా దిగుతాయి, ఎక్కడ ఆగితే అక్కడ చిక్కు ఉన్నట్టే. వెడల్పు పళ్ల వైపు సాఫీగా జారాకే సన్న పళ్ల వైపు వాడాలి. చెవుల వెనక, చంకలు, పొట్ట, తొడల వెనక రోజూ చూసుకుంటే పది నిమిషాల పని.

ఉండ కడితే దాని కుదురు దగ్గర బొచ్చును రెండు వేళ్లతో బిగించి పట్టుకోండి. అప్పుడు లాగినా చర్మానికి నొప్పి తెలియదు. చిటికెడు కార్న్‌ఫ్లోర్ రాసి, కొసల నుంచి కుదురు వైపు కొద్దికొద్దిగా విడదీయండి. కత్తెర ముట్టుకోవద్దు. పిల్లి చర్మం పల్చన, ఉండతో పాటే పైకి లేస్తుంది. బొచ్చనుకుని చర్మాన్నే కోసేస్తాం. అట్టలా అంటుకుపోతే పశువైద్యుడి దగ్గర క్లిప్పర్‌తో (బొచ్చు కత్తిరించే మిషన్‌తో) తీయించడమే. చిక్కు ఉండగా స్నానం చేయిస్తే అది ఇంకా బిగుసుకుంటుంది.

ఇక లిట్టర్. బెంటొనైట్ అనే బంకమట్టి లిట్టర్ గడ్డ కట్టడంలో దానికదే సాటి, కానీ ఆ గుణమే ఇక్కడ చేటు. తడిసిన తొడ బొచ్చుకీ, వేళ్ల సందుల్లో కుచ్చులకీ సన్న రేణువులు పట్టుకుని సిమెంటులా గట్టిపడతాయి. పిల్లి వాటినే నాకుతుంది. చెక్క గుళికలు తడిసి పొట్టవుతాయి, ఆ పొట్టు తోకకంతా అంటుకుంటుంది. సోయా పిప్పితో చేసే టోఫు గుళికలు లావు కాబట్టి కాలు విదిలిస్తే చాలావరకు రాలిపోతాయి. లోపాలూ ఉన్నాయి: గడ్డ మెత్తన, వెంటనే ఎత్తితే స్కూప్‌లో విరిగిపోతుంది. సంచి తెరిచి ఉంచితే తేమకు బూజు పడుతుంది, గట్టి మూత డబ్బాలో పోసుకోవాలి. బాక్సులో 5-7 సెంటీమీటర్ల మందం ఉండాలి. అంతకు తగ్గితే మూత్రం అడుగుకు చేరి అతుక్కుంటుంది. పాత లిట్టర్‌లో కొత్తది కలుపుతూ 7-10 రోజుల్లో మార్చండి.

ఎంత మంచి లిట్టరైనా తోక కింద బొచ్చు పొడవుగా ఉంటే మలం అంటుతుంది. అక్కడ క్లిప్పర్‌తో పొట్టిగా చేయాల్సిందే.

బాక్సు పొడవు ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉన్న కొలతకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండు పిల్లులకు మూడు బాక్సులు. కడగడానికి బ్లీచ్ వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది. మూత ఉన్న బాక్సు నేను ఎవరికీ చెప్పను. లోపల వాసన నిలుస్తుంది, పైగా పిల్లి ఏం చేస్తుందో కనబడదు. మగపిల్లి పదేపదే కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. అర్ధరాత్రయినా సరే అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.