నాలుగో తరగతి జూన్ నెల: కొత్త పుస్తకం తెరవాలా, మూడో తరగతిని తిరగేయాలా?

జూన్ 12న బడులు తెరవగానే నాలుగో తరగతి టీచర్‌కి రెండు దారులు కనిపిస్తాయి. మొదటి రోజు నుంచే కొత్త పుస్తకంలో మొదటి పాఠం చెప్పడం ఒకటి. రెండు మూడు వారాలు మూడో తరగతి సంగతులు మళ్లీ చెప్పించి, ఆ తర్వాతే కొత్త పుస్తకం ముట్టుకోవడం రెండోది. దీన్నే బ్రిడ్జి కోర్సు అంటున్నారు. ప్రైవేటు బడులు ఎక్కువగా మొదటి దారే పడతాయి. నెలాఖరుకి నోట్‌బుక్కులో ఎన్ని పేజీలు నిండాయో లెక్కపెట్టే తల్లిదండ్రులు అక్కడ ఎక్కువ మరి.

ఈ తర్జనభర్జన నాలుగో తరగతిలోనే ఎందుకు ముదురుతుందంటే, మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకి చదవడం, చిన్న లెక్కలు చేయడం వచ్చేసి ఉండాలని అందరూ అనుకుంటారు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యం కూడా అదే. నాలుగో తరగతి పుస్తకాలు ఆ నమ్మకంతోనే తయారవుతాయి. తరగతి గది మాత్రం అలా ఉండదు. పల్లెల్లో పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం, ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తమ్మీద 23.4 శాతమే. అంతకు ముందు సర్వేల కంటే ఇది మెరుగని కూడా చెప్పాలి.

ముందు లెక్కల సంగతి చూద్దాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది. నాలుగో తరగతిలో సంఖ్యలు వెయ్యి దాటి పదివేల దాకా వెళ్తాయి. మొదటి వారంలో 502లోంచి 278 తీసేయమని అడిగి చూడండి. 376 అని రాసేవాళ్లు కొందరు తప్పకుండా ఉంటారు. అది పరధ్యానంలో చేసిన పొరపాటు కాదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు: 5లో 2 పోతే 3, 7లో 0 పోతే 7, 8లో 2 పోతే 6. వాళ్ల పద్ధతి వాళ్లకి పక్కాగానే ఉంది. పదుల చోట సున్నా ఉంటే వందల దాకా వెళ్లి, ఒక వందని పది పదులుగా విడగొట్టుకోవచ్చన్నదే తెలియలేదు. అలాంటి పిల్లలకి వేల స్థానం చెబితే ఇదే తప్పు 5,002 మీద చేస్తారు. మూడు వేల ఇరవై ఐదుని 300025 అని రాసేది కూడా వీళ్లే.

మరి రివిజన్ చేయిస్తే పోతుందా? మామూలుగా చేయించే రివిజన్‌తో పోదు. ఎక్కాలు అప్పజెప్పించడం, పాత లెక్కలే బోర్డు మీద మళ్లీ చేసి ఎక్కించుకోమనడం, ఇదేగా మనకు తెలిసిన రివిజన్. పిల్లలు 376 కొట్టేసి 224 అని రాసుకుంటారు, మర్నాడు ఇంకో లెక్కలో అదే తప్పు చేస్తారు. దానికి బదులు కాగితం నోట్లతో దుకాణం ఆట ఆడించండి. చేతిలో ఐదు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు. 278 రూపాయలు సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వాలంటే వందని పదులుగా, ఒక పదిని రూపాయి బిళ్లలుగా మార్చక తప్పదు. నాలుగు రోజులు ఇలా మార్చాక పుస్తకం తెరిస్తే వేల స్థానం పెద్ద వింతగా ఉండదు. అందుకే లెక్కల్లో నా ఓటు కొత్త పాఠాన్ని వాయిదా వేయడానికే.

తెలుగులో అంత అవసరం లేదు. వాచకం చాలాసార్లు గేయంతోనే మొదలవుతుంది. గేయం పాడటానికి చదవడం రానక్కర్లేదు కదా. అందరూ పాడాక అందులోని పదాలతోనే ఒత్తులు, గుణింతాలు చూసుకోవచ్చు. కాకపోతే ఒక జాగ్రత్త. కంఠతా వచ్చిన గేయాన్ని వేలు పెట్టి చదువుతున్నట్టు నటించడంలో ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు ఆరితేరి ఉంటారు. మూడో పంక్తి మధ్యలో ఒక పదం చూపించి అడిగితే సంగతి తేలిపోతుంది. పరిసరాల విజ్ఞానం మొదటి రోజే మొదలుపెట్టొచ్చు, దానికి ఎదురుచూడాల్సిన పనే లేదు.

కొత్తదంతా ఆపేసి మూడు వారాలు పాతదే చెబితే ఇంకో నష్టం ఉంది. పాతది ఇప్పటికే వచ్చేసిన పిల్లలకి విసుగు. కొత్త పుస్తకానికి అట్ట వేసుకుని ఉత్సాహంగా వచ్చినవాళ్లని అది తెరవొద్దని కూర్చోబెట్టడం అన్యాయమే. పాతది ఇంకా రానివాళ్లకేమో మూడు వారాలు చాలవు. జూన్‌లో బ్రిడ్జి ముగిసిందని రిజిస్టర్‌లో రాసుకుంటే పిల్లలకి చదవడం వచ్చేయదు.

మూడో దారి ఒకటుంది. పాఠాలు ఆపకుండా రోజులో ఒక గంట విడిగా పెట్టి, తరగతిని బట్టి కాక వచ్చినదాన్ని బట్టి పిల్లల్ని గుంపులు చేసి నేర్పడం. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతి ఇది. హర్యానా ప్రభుత్వ బడుల్లో మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకి ఇలా గంట కేటాయించి చూస్తే హిందీ చదవడం మెరుగైంది. ఆ ప్రయోగాన్ని పరిశీలించిన బృందంలో 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కూడా ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి పెట్టిందే. నాకైతే ఈ దారే మేలనిపిస్తుంది. దీనికి మొదటి వారంలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ వరసగా చదివించి చూడాలి. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు చాలు.

ఎఫ్ఏ-1కి, అంటే ఏడాదిలో మొదటి చిన్న పరీక్షకి, సిలబస్ ఎలా అన్న టెన్షన్ టీచర్లకి ఉంటుంది, అది నిజమే. గంట పోయినా మిగతా పీరియడ్లు ఉన్నాయి. లెక్కల్లో మొదటి పాఠం పది రోజులు ఆలస్యమైతే తర్వాత సర్దుకుంటుంది. ఒకే టీచర్ ఉన్న బడుల్లో ఇది ఇంకా తేలిక. అక్కడ మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఎలాగూ ఒకే గదిలో కూర్చుంటారు, గుంపులు మార్చడానికి ఎవరినీ అడగక్కర్లేదు. తల్లిదండ్రులకే ముందు చెప్పి ఉంచాలి. మీ అబ్బాయి రోజూ ఒక గంట మూడో తరగతి పిల్లలతో కూర్చుంటాడని జూన్‌లోనే చెబితే అర్థం చేసుకుంటారు, ఆగస్టులో వాళ్లంతట వాళ్లకి తెలిస్తే గొడవకొస్తారు.